ఎడం వేరు, వెలి వేరు

(కాశీబుగ్గలో చదువుల కేంద్రం దగ్గర జరిగిన సాయంత్రపు సభలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మ మాట్లాడిన మాటలు)



జీడి పరిశ్రమల నుంచి నేరుగా వచ్చినవాళ్లు కొందరున్నారు. చేతుల మీద జీడి నూనె నలుపు ఇంకా పోలేదు. కొందరు పొయ్యి మీద ఎసరు పెట్టి, పక్కింటి పిల్లను చూడమని చెప్పి వచ్చారు. అందుకని ముఖ్యమైన మాటలే చెప్తాను. అయితే ఈ సంగతి రెండు మాటల్లో అయిపోయేది కాదు. కొంచెం ఓపిక పట్టండి.

కరోనా రోజుల్లో మన ఇళ్లల్లో ఏం జరిగింది? ఇది ఈ రోజు మన విషయం. ఆసుపత్రుల గురించి పత్రికలు చాలా రాశాయి. టీవీలు రోజూ లెక్కలు చెప్పాయి. ఇంటి గురించి రాసింది తక్కువ. కానీ కరోనా వచ్చినవాళ్లలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంట్లోనే పడుకున్నారు. ఇంట్లోనే కోలుకున్నారు. వాళ్లకు గంజి కాచి ఇచ్చింది ఎవరు? బట్టలు ఉతికింది ఎవరు? రాత్రి రెండు గంటలకు లేచి ఊపిరి ఆడుతోందా అని చూసింది ఎవరు? మీరే కదా. మీకు తెలిసిందే నేను ఒక వరసలో పెట్టి చెప్తాను.

ముందు కొన్ని తేదీలు గుర్తు చేసుకుందాం.

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు మనమంతా గుమ్మాల్లోకి వచ్చి పళ్లేలు కొట్టాం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొదట 21 రోజులన్నారు. పెంచుకుంటూ పోయి మే 31 దాకా తెచ్చారు. ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. పలాస స్టేషను దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు రైలు కూతే గడియారం. ఆ గడియారం ఆగిపోయింది.

అది ఏ కాలం? జీడి పిక్కలు రాలే కాలం. మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే కదా ఉద్దానం చేతికి నాలుగు డబ్బులు వచ్చేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరిని, జీడిని పడగొట్టిపోయింది. తోటలు ఇంకా కోలుకోకముందే ఈ కరోనా వచ్చింది. తోటల్లో పిక్కలున్నాయి. కొనేవాళ్లు లేరు. పరిశ్రమలు మూతపడ్డాయి. పని లేదు. రేషను బియ్యం ఇచ్చారు. మనిషికి 5 కిలోలు ఉచితంగా అదనం అన్నారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 రూపాయల చొప్పున 3 నెలలు వేశారు. రాష్ట్ర ప్రభుత్వం పేద కుటుంబానికి వెయ్యి రూపాయలు ఇచ్చింది. వాటితో ఎలా నెట్టుకొచ్చారో మీకు తెలుసు.

ఆ తర్వాత మన పిల్లలు తిరిగి రావడం మొదలైంది. మన జిల్లా వాళ్లు పనికి వెళ్లని ఊరు ఉందా? హైదరాబాదు, చెన్నై, ముంబయి, అండమాన్. సముద్రం ఒడ్డు ఊళ్ల వాళ్లయితే గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పడవల మీద పని చేస్తారు. లాక్‌డౌన్‌లో ఆ మత్స్యకారులు వేలమంది అక్కడే పడవల్లో చిక్కుకుపోయారు. 2020 ఏప్రిల్ నెలాఖరులో వాళ్లను బస్సుల మీద ఎక్కించారు. రోజుల తరబడి కూర్చుని వచ్చారు. వచ్చినవాళ్లు నేరుగా ఇంటికి వెళ్లారా? లేదు. ముందు క్వారంటైన్.

మన జిల్లాలో 2020 ఏప్రిల్ 25 దాకా ఒక్క కేసు కూడా బయటపడలేదు. ఆ రోజు పాతపట్నం మండలంలో మొదటి కేసులు వచ్చాయి. అంతవరకు "మనకేటి రాదులే" అన్నవాళ్లే ఆ మర్నాటి నుంచి వీధికి కంచె కట్టారు. ఈత మట్టలు, ముళ్ల కంపలు అడ్డం పెట్టారు. భయం రోగం కంటే ముందే వచ్చింది.

ఇక్కడ రెండు మాటలకు అర్థం తెలుసుకుందాం. ఒకటి క్వారంటైన్. రెండోది ఐసోలేషన్. అప్పట్లో ఈ రెండు మాటలనూ అందరూ కలిపేశారు.

రోగం వచ్చినవాళ్లను మిగతావాళ్ల నుంచి ఎడంగా ఉంచడం ఐసోలేషన్. రోగి దగ్గర తిరిగినవాళ్లను, రోగం వచ్చిందో లేదో తేలేవరకు ఎడంగా ఉంచడం క్వారంటైన్. అంటే క్వారంటైన్‌లో ఉన్నవాళ్లు రోగులు కారు. వేరావల్ నుంచి వచ్చిన కుర్రాడు రోగి కాడు. అతను కాసుకుని ఉన్నాడు, అంతే.

క్వారంటైన్ అనే మాట ఓడల నుంచి వచ్చింది. ఇటలీ దేశంలో వెనిస్ అని ఒక రేవు పట్నం ఉంది. వందల ఏళ్ల కిందట అక్కడికి ప్లేగు ఓడల మీద వచ్చేది. అందుకని వచ్చిన ఓడను 40 రోజులు దూరంగా నిలిపేవారు. వాళ్ల భాషలో నలభైకి ఉన్న మాటే క్వారంటైన్ అయింది. మన బారువ, కళింగపట్నం కూడా పాత రేవులే. ఓడ అంటే ఏమిటో, ఓడ కోసం ఒడ్డున కాసుకుని కూర్చోవడం ఏమిటో మన ముసలివాళ్లకు తెలుసు.

మన పెద్దవాళ్లకు ఐసోలేషన్ తెలియదా? బాగా తెలుసు. ఆ మాట లేదు, అంతే. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఏం చేసేవారు? గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండలు చూసి పైవాళ్లు లోపలికి వచ్చేవారు కాదు. ఇంట్లోవాళ్లు పెళ్లిళ్లకు, సంతలకు వెళ్లేవారు కాదు. రోగిని వేపాకుల మీద పడుకోబెట్టేవారు. ఇంట్లో పోపు పెట్టేవారు కాదు. ఇందులో కొన్ని నమ్మకాలు. వేపాకు మశూచిని తగ్గించలేదు. తగ్గించింది టీకా. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటించారు. కానీ ఆ వేపమండలో ఒక మంచి సంగతి ఉంది. "ఈ ఇంట్లో రోగి ఉన్నాడు, లోపలికి రాకండి" అని అది చెప్పేది. "ఈ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు" అని చెప్పేది కాదు. పైగా అమ్మవారే ఇంటికి వచ్చిందని రోగిని గౌరవంగా చూసేవారు. 2020లో పాజిటివ్ వచ్చిన ఇంటి గుమ్మానికి కాగితం అంటించారు. ఆ కాగితానికి వేపమండకు ఉన్న మర్యాద లేదు. కాగితం చూసి జనం తలుపు వైపు వేలు చూపించారు.

సరే, ఇంట్లోకి వద్దాం.

టీవీలో డాక్టరుగారు ఏం చెప్పారు? "రోగిని ప్రత్యేక గదిలో ఉంచండి. గదికి ఆనుకుని మరుగుదొడ్డి ఉండాలి" అన్నారు. మంచి మాటే. కానీ మన ఇల్లు ఎలా ఉంటుంది? ముందు అరుగు. తర్వాత సావిడి. తర్వాత వంటిల్లు. వెనక పెరడు. రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఈ ఇంటి గోడే పక్కింటి గోడ. పక్క కిటికీ ఉండదు. వంటింటికి పోవాలంటే సావిడిలోంచే పోవాలి. అందులో అత్త, మామ, మొగుడు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన మరిది. ఇందులో ప్రత్యేక గది ఎక్కడిది?

అయినా మన ఆడవాళ్లు దారి కనిపెట్టారు. నేను చూసినవి చెప్తాను. ఒక ఇంట్లో రోగిని పెరటి వైపు వసారాలో పడుకోబెట్టారు. అడ్డంగా పాత చీర కట్టారు. మిగతావాళ్లు ముందు గుమ్మం వాడుకున్నారు. ఇంకో ఇంట్లో అమ్మాయికి పాజిటివ్ వచ్చింది. ఆమె ఒక్కతే ఇంట్లో ఉంది. మిగతా అందరూ జీడితోటలో పాక వేసుకుని 10 రోజులు ఉన్నారు. రోగిని బయటికి పంపకుండా, ఇంటినే రోగికి వదిలారు. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. జ్వరం వచ్చినవాళ్లకు మంచం, మరుగుదొడ్డి, నీళ్లు దగ్గరగా ఉండాలి. ఒళ్లు బాగున్నవాళ్లు తోటలో ఉండగలరు.

2020లో మనం కొన్ని పనులు అతిగా చేశాం. కూరగాయలను సబ్బు నీళ్లలో కడిగాం. నోట్లను ఎండబెట్టాం. వీధంతా బ్లీచింగు చల్లాం. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఈ రోగం ముఖ్యంగా గాలిలో వస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు బయటికి వచ్చే సన్నటి తుంపరల్లో వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆ తుంపరలు పొగలా నిలిచిపోతాయి. కట్టెల పొయ్యి పొగ ఎలా నిలుస్తుందో మీకు చెప్పాలా? పొగ బయటికి పోయే దారే రోగం బయటికి పోయే దారి. కాబట్టి తలుపులు, కిటికీలు తెరవాలి. రోగి, సేవ చేసే మనిషి ఇద్దరూ ముక్కు, నోరు కప్పుకోవాలి. వసారాలో చీర అడ్డం కట్టిన ఇంటికి గాలి ఉంది. ఏసీ వేసి తలుపులు బిగించిన మేడ గదికి గాలి లేదు.

సేవ చేసే మనిషి ఒక్కరే ఉండాలి. ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకూడదు. అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, అక్కడే కూర్చుని మాట్లాడాలి. గిన్నె పెట్టి పారిపోకూడదు. పదిరోజుల ఒంటరితనం మామూలు విషయం కాదు.

ఇంకొక సంగతి. వేలికి పెట్టే చిన్న యంత్రం గుర్తుందా? ఆక్సీమీటరు. అందులో రెండు అంకెలు కనబడతాయి. ఒకటి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్తుంది. ఇంకొకటి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్తుంది. ఆక్సిజన్ అంకె 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. 90 కంటే తగ్గితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి. ఒకరోజు ఒక తల్లి భయపడుతూ నాకు ఫోను చేసింది. "నర్సమ్మా, అబ్బాయికి 78 వచ్చింది" అంది. ఒళ్లు ఝల్లుమంది. "రెండో అంకె ఎంత?" అని అడిగాను. "97" అంది. 78 నాడి. 97 ఆక్సిజన్. కుర్రాడు బాగానే ఉన్నాడు. చాలామంది ఇళ్లల్లో ఇలాగే జరిగింది. ఏ అంకె దేనిదో యంత్రం మీదే రాసి ఉంటుంది. ఒకసారి చూపిస్తే మీరు చదవగలరు. గోళ్లకు రంగు గానీ, ముదురు గోరింటాకు గానీ ఉంటే అంకె తప్పు రావచ్చు. అది కూడా గుర్తు పెట్టుకోండి.

జ్వరం మొదలైన అయిదో రోజు నుంచి పదో రోజు దాకా ఎక్కువ జాగ్రత్త కావాలి. కొందరికి జ్వరం తగ్గినట్టే ఉండి, ఊపిరి అందకుండా పోయింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో చాలామందిని ఇలాగే పోగొట్టుకున్నాం. ప్రభుత్వ లెక్కల్లోనే మన రాష్ట్రంలో 14,700 మందికి పైగా పోయారు.

ఇప్పుడు ఇంటి పని సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. వెనక నిలబడ్డ అన్నదమ్ములు కూడా వినండి.

లాక్‌డౌన్‌లో మగవాళ్లకు పని ఆగింది. ఆడవాళ్లకు ఆగిందా? రెండింతలు అయింది. మధ్యాహ్నం అన్నం బడిలో తినే పిల్లలు ఇంట్లో తిన్నారు. తోటకు, దుకాణానికి వెళ్లే మగవాళ్లు ఇంట్లో కూర్చున్నారు. గంటకోసారి టీ. చేతులు కడుక్కోమన్నారు, మంచిదే. ఆ కడుక్కునే నీళ్లు కుళాయి నుంచి ఎవరు మోశారు? ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం వస్తే మంచం ఎక్కారు. ఇల్లాలికి జ్వరం వస్తే? ముక్కుకు కొంగు కట్టుకుని వంట చేసింది. నాకు తెలిసి ఒకే ఒక్క ఇంట్లో, భార్యకు పాజిటివ్ వస్తే భర్త 10 రోజులు వంట చేశాడు. మొదటి రోజు పప్పు మాడింది. నాలుగో రోజుకు వంకాయ కూర బాగానే వచ్చిందట. ఇప్పటికీ ఆదివారం కూర ఆయనదే. వంట రాదని మగవాళ్లు అనేది నేను నమ్మను. మన పెళ్లిళ్లలో, హోటళ్లలో వండేది ఎవరు?

సారా సంగతి కూడా చెప్పాలి. మార్చి నుంచి మే 4 దాకా మందు దుకాణాలు మూసేశారు. ఆ ఆరు వారాలు కొన్ని ఇళ్లల్లో తగువు లేదు. "ఆ నలభై రోజులే నా కాపురం" అంది ఒకావిడ. మరికొన్ని ఇళ్లల్లో మందు దొరక్క కొట్టడం ఎక్కువైంది. ఇంట్లోంచి కదలకూడదన్నప్పుడు దెబ్బలు తినే ఆడది ఎక్కడికి పోతుంది? లాక్‌డౌన్‌లో ఇంటి హింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషనే చెప్పింది. ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై చివర మందుకు బదులు శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. శానిటైజరు చేతికి రాసుకునేది. కడుపుకు విషం. మహిళల సాయం కోసం 181 అనే నంబరు ఉంది. రాసుకోండి. మూడే అంకెలు.

పిల్లల చదువు గురించి త్వరగా చెప్తాను. బళ్లు 2020 నవంబరు 2 దాకా తెరవలేదు. టీవీలో సప్తగిరి చానల్‌లో పదో తరగతి పాఠాలు చెప్పారు. తర్వాత ఫోను పాఠాలు. ఇంట్లో ఉండేది ఒక్క ఫోను. అది అన్నయ్య చేతిలో ఉంటే చెల్లి చదువు ఆగింది. మందస కొండల మీది సవర పిల్లలకు ఫోను ఉన్నా సిగ్నలు లేదు. ఆ రెండేళ్లలో బడి మానేసి పెళ్లయిపోయిన ఆడపిల్లలు మన చుట్టూ ఉన్నారు. ఇప్పుడు ఈ కేంద్రానికి వస్తున్నవాళ్లలో కూడా ఉన్నారు. మంచిది. రండి.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి.

"సామాజిక దూరం పాటించండి" అన్నారు. ఈ మాట నాకు మొదటి నుంచీ నచ్చలేదు. సామాజిక దూరం మన దేశంలో కొత్తగా నేర్పాలా? ఊరికి ఆ చివర పేటలు కట్టి, బావి వేరు చేసి, గ్లాసు వేరు చేసి, అది మనకు ఎప్పటి నుంచో తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే ఆ మాట వద్దు, భౌతిక దూరం అందాం అంది. మనిషికి మనిషి రెండు గజాలు ఎడంగా ఉండాలి. అంతే. మాట, పలకరింపు, అన్నం, సాయం ఎడం కాకూడదు. ఎడంగా ఉండడం వేరు. వెలి వెయ్యడం వేరు.

మన దగ్గర వెలి వేశారు. చెప్పుకోవాలి. 2020 జూన్‌లో ఇక్కడే పలాసలో చనిపోయిన ఒక పెద్దాయనకు కరోనా అని తేలింది. ఆయన దేహాన్ని మట్టి తవ్వే యంత్రం తొట్టెలో పెట్టి శ్మశానానికి తీసుకుపోయారు. దేశమంతా ఆ బొమ్మ చూసింది. ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. వాళ్లది తప్పే. అయితే దగ్గరికి రానివాళ్లం, కిటికీలు మూసుకున్నవాళ్లం, మనం ఎక్కడున్నాం? 2021 మే నెలలో మన జిల్లాలోనే ఇంకో ఊళ్లో, బయటి ఊరి నుంచి రోగంతో తిరిగి వచ్చిన ఒక మనిషిని ఊళ్లోకి రానివ్వలేదు. పొలం దగ్గర ఉంచారు. అక్కడ నేల మీద పడి కొట్టుకుంటున్నాడు. కూతురు నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తింది. నీకూ అంటుకుంటుందని తల్లి ఆ పిల్లను ఏడుస్తూ వెనక్కి లాగింది. పిల్ల విడిపించుకుని వెళ్లి తండ్రి నోట్లో నీళ్లు పోసింది. కొద్దిసేపటికే ఆయన పోయాడు.

ఆ తల్లిని నేను తప్పు పట్టను. భర్త పోతున్నాడు, కూతురైనా మిగలాలని ఆమె అనుకుంది. ఆ పిల్లనూ తప్పు పట్టను. తప్పు ఎక్కడుంది? ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి తగిలేచోట, నీళ్లు ఇచ్చి రావచ్చని ఆ ఇంటికి చెప్పే మనిషి లేకపోవడంలో ఉంది. ఊరి బయట వదిలేసి ఊరు చేతులు దులుపుకోవడంలో ఉంది.

వేరేలా చేసినవాళ్లూ ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో మన కాశీబుగ్గ ఎస్‌ఐగా ఉన్న శిరీషగారు, పొలాల్లో దొరికిన ఒక అనాథ దేహాన్ని తానే భుజం మీద మోశారు. అది కరోనా చావు కాదు. కానీ జనం దేహాన్ని ముట్టుకోవడానికే జంకే రోజులవి. ఒక ఆడపిల్ల, యూనిఫారంలో, గట్ల మీద నడుస్తూ మోసింది. ఆమె పని ఆమె చేసింది. ఆ రోజుల్లో పేరు బయటికి రాకుండా అలా మోసినవాళ్లు, వండి పెట్టినవాళ్లు, హైవే మీద ఒడిశా వైపు నడిచిపోయే కూలీలకు మజ్జిగ పోసినవాళ్లు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు.

ఉద్దానం ఇళ్లకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. దాని గురించి టీవీ డాక్టర్లు చెప్పలేదు. అందుకని నేను కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో ఆ జబ్బు తెలియని వీధి లేదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కోసారి 4 గంటలు. "ఇంట్లోంచి కదలొద్దు" అన్న మాట వాళ్లకు కుదరదు. ఇంట్లో కూర్చుంటే ఒంట్లో నీరు, విషం పేరుకుంటాయి. బయటికి వెళ్తే కరోనా భయం. పైగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కరోనా వస్తే ప్రమాదం ఎక్కువ. బస్సులు లేవు, ఆటోలు లేవు. పోలీసులకు డయాలసిస్ పుస్తకం చూపించుకుంటూ, కొడుకు బండి వెనక తువ్వాలుతో నడుముకు కట్టుకుని వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అప్పట్లో పలాసలో ఈ పెద్ద ఆసుపత్రి కూడా లేదు. 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నీళ్లు ఇళ్లకు తెచ్చే పథకాన్నీ ఆ రోజే మొదలుపెట్టారు.

అలాంటి ఇంట్లో ఐసోలేషన్ తిరగేసి చెయ్యాలి. కిడ్నీ రోగిని కాపాడాలంటే, బయట తిరిగి వచ్చే మిగతావాళ్లు ఆయనకు ఎడంగా ఉండాలి. గాలి బాగా వచ్చే చోటు ఆయనకు ఇవ్వాలి. ఇది చాలా ఇళ్లల్లో ఎవరూ చెప్పకుండానే చేశారు.

కానీ తిండి దగ్గర పొరపాటు జరిగింది. కరోనాకు ఏం తినమన్నారు? నీళ్లు బాగా తాగండి. కషాయం తాగండి. కొబ్బరి నీళ్లు తాగండి. పళ్లు తినండి. మామూలు మనిషికి ఇది మంచిదే. డయాలసిస్ మనిషికి ఇదే ప్రమాదం. వాళ్ల ఒంట్లోంచి నీరు బయటికి పోదు. ఎక్కువ తాగితే కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం చూసి కరోనా అనుకుంటారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం అనే ఉప్పు ఎక్కువ. అరటి పండులో కూడా. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. చెడిపోయిన కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. తోటలో కొబ్బరి బోండాలు వేలాడుతుంటే, "ఏటి అవుతాది, మన చెట్టుదే కదా" అని కొట్టి ఇవ్వకండి. ప్రేమతో ఇచ్చినా అపకారమే అవుతుంది.

రెండోది, ఒళ్లునొప్పుల బిళ్లలు. జ్వరానికి పారాసిటమాల్ వాడొచ్చు, డాక్టరు చెప్పిన లెక్కలో. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయి. మన దగ్గర చాలామందికి కిడ్నీ జబ్బు ఉన్నట్టే తెలియదు. తోట పని చేసి వచ్చి రోజూ ఒక బిళ్ల వేసుకునే అలవాటు ఉంది. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా ఖాయంగా తేల్చలేదు. కానీ ఈ బిళ్లలు ఉన్న కిడ్నీని ఇంకా పాడు చేస్తాయన్నది మాత్రం ఖాయం. బిళ్లల అట్ట మీద పేరు చదవండి. అక్షరాలు కూడబలుక్కుని అయినా చదవండి. తెలియకపోతే ఆశా కార్యకర్తకు చూపించండి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. టీకాలు వేసుకున్నాం. రోగం పూర్తిగా పోలేదు గానీ, ఆ ఉధృతం లేదు. ఇప్పుడు మీరేమైనా అడగండి.

(ఒకావిడ: "నర్సమ్మా, ఆవిరి పట్టడం మంచిదేనా? మేం రోజూ పట్టాం.")

ముక్కు దిబ్బడ తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. కరోనా పురుగు దానితో చావదు. పిల్లలకు మాత్రం వేడి నీళ్ల గిన్నె దగ్గర పెట్టి దుప్పటి కప్పకండి. ఆ రోజుల్లో గిన్నె ఒలికి కాలిన పిల్లలున్నారు.

(ఒక పెద్దాయన: "మాకు తగ్గిపోయినా 2 నెలల దాకా ఎవరూ ఇంటికి రాలేదమ్మా. సరుకులు కూడా దూరం నుంచి విసిరీసినారు.")

అది వెలి, బాబూ. కరోనా వచ్చిన మనిషి మామూలుగా 10 రోజుల తర్వాత, జ్వరం పోయాక, ఇతరులకు అంటించడు. రెండు నెలలు దూరం పెట్టడానికి ఏ కారణమూ లేదు. మీకు సరుకులు విసిరినవాళ్లు ఈ సభలో ఉంటే, రేపు మీ ఇంటికి వచ్చి టీ తాగమని అడుగుతున్నాను.

(ఇంకొకావిడ: "మా కోడలికి క్షయ అన్నారు. మందులు ఇచ్చారు. ఇప్పుడు ఆ పిల్లను ఎన్నాళ్లు ఎడంగా ఉంచాలి? కంచం, గ్లాసు వేరు చేసేసినాం. చంటిదాన్ని ఎత్తుకోనివ్వడం లేదు.")

ఎన్నాళ్లయింది మందులు మొదలుపెట్టి? నెల దాటిందా? అయితే విను తల్లీ. క్షయ కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల అంటదు. దగ్గు గాలి వల్ల అంటుతుంది. సరిగ్గా మందులు మింగితే, రెండు మూడు వారాల్లోనే చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. డాక్టరు చెప్పేవరకు దగ్గేటప్పుడు నోటికి గుడ్డ పెట్టుకోవాలి. గదిలో గాలి ఆడాలి. 6 నెలల మందులు ఒక్క పూట కూడా మానకూడదు. మానితే రోగం మొండికేస్తుంది. రేపు పొద్దున్న కోడలిని, చంటిదాన్ని ఆసుపత్రికి తీసుకురా. చంటిదాన్ని కూడా చూపించాలి, వాళ్లకు ముందుగా ఇచ్చే మందు ఉంది. పిల్లను ఎప్పుడు ఎత్తుకోవచ్చో డాక్టరుగారినే అడుగుదాం, నేనూ వస్తాను. కంచం మాత్రం ఈ రాత్రికే కలిపెయ్యి.